మనాలే చాలు అనేవాళ్లకు

దసరా దాటి పొద్దున పూట గోదావరి ఒడ్డున పొగమంచు కమ్మడం మొదలైందంటే లక్సెట్టిపేటలో, అటు మంచిర్యాల, శ్రీరాంపూర్ కాలనీల్లో ఒకే తీర్పు వినిపిస్తుంది. పిల్లలకు మంచు చూపించాలంటే సంక్రాంతి సెలవుల్లో మనాలి పోవాలి. కొత్తగా పెళ్లయిన జంటో, ఎల్‌టీసీ వాడుకుందామనుకున్న సింగరేణి ఉద్యోగో కశ్మీర్‌లోని గుల్మార్గ్ పేరెత్తితే చుట్టూ ఉన్న నలుగురూ ఒక్కటై ఆపుతారు. "గుల్మార్గ్ ఎందుకన్నా, మంచు ఏడున్నా మంచే గదా! మనాలైతే సగం పైసలల్ల అయిపోతది. మనోళ్లందరు పోయొచ్చిన తొవ్వ." టూరు ఏజెంటు అదే అంటాడు, పోయొచ్చిన బావమరిది అదే అంటాడు, వాళ్ల ఫొటోలు మాత్రమే చూసిన పక్కింటివాళ్లూ అదే అంటారు.

వాళ్ల వాదనను ముందు వాళ్ల తరఫునే చెప్తాను. మంచిర్యాలలో ఢిల్లీ బండెక్కితే చాలు, ఢిల్లీలో సాయంత్రం వోల్వో బస్సు పట్టుకుంటే తెల్లారేసరికి మనాలి. విమానం ఖర్చు లేదు. అక్కడ హోటళ్లు లెక్కలేనన్ని, పోటీ ఎక్కువ కాబట్టి గది చవక. తెలుగు వంటవాళ్లను వెంటబెట్టుకుపోయే టూర్లున్నాయి కాబట్టి ముసలివాళ్లకు పప్పు, చారు దొరుకుతాయి. సొలంగ్‌లో స్కీయింగ్ ఉంది, రోప్‌వే ఉంది. 2020 అక్టోబరులో అటల్ టన్నెల్ తెరిచాక నడి చలికాలంలో కూడా కొండ దాటి లాహౌల్‌లో అడుగు పెట్టొచ్చు. ఇక కశ్మీర్ అంటే భయం. 2025 ఏప్రిల్ 22న పహల్గాం దగ్గర 26 మందిని కాల్చి చంపారు, చనిపోయినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఆ భయాన్ని ఎవరూ వెక్కిరించలేరు.

ఇందులో ఏ ఒక్క ముక్కా అబద్ధం కాదు. తప్పంతా ఈ ముక్కలన్నీ కలిపి తేల్చిన లెక్కలో ఉంది.

1. "మంచు ఏడున్నా మంచే"

మొత్తం వాదన ఈ ఒక్క మాట మీద నిలబడింది, అసలు కూలేదీ ఇక్కడే. మనాలి పట్టణం సముద్రమట్టానికి దాదాపు 2,050 మీటర్ల ఎత్తున ఉంది. సొలంగ్ 2,500 దగ్గర. గుల్మార్గ్ దాదాపు 2,650. చలికాలంలో హిమాలయాలకు మంచు తెచ్చేది మధ్యధరా సముద్రం వైపు నుంచి వచ్చే మబ్బులు, వాతావరణ శాఖ వెస్టర్న్ డిస్టర్బెన్స్ అంటుంది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత ఆరు డిగ్రీలకు పైగా పడిపోతుంది. అంటే మనాలి బజారుకూ గుల్మార్గ్ మైదానానికీ మధ్య, ఎత్తు తేడా ఒక్కదాని వల్లే, నాలుగు డిగ్రీల దాకా తేడా వస్తుంది. సున్నా చుట్టూ తిరిగే చలిలో నాలుగు డిగ్రీలంటే మాటలు కాదు. ఒకే తీరు మబ్బు ఒకచోట మంచుగా పడి నిలుస్తుంది, ఇంకోచోట వానగా కురిసి బురద మిగులుస్తుంది.

మనాలి టూరు కాగితం చేతికొచ్చినప్పుడు ఒకసారి జాగ్రత్తగా చదవండి. రెండో రోజు లేదా మూడో రోజు ఎదుట "స్నో పాయింట్" అని ఉంటుంది. ఊరి పేరు ఉండదు. ఎందుకుండదంటే ఆ రోజు మంచు ఎక్కడుంటుందో కాగితం రాసినవాడికీ తెలియదు. సొలంగ్‌లో ఉంటే సొలంగ్, లేకపోతే ఇంకా పైకి, అక్కడా లేకపోతే టన్నెల్ దాటి సిస్సు దాకా. జీపు మంచును వెతుక్కుంటూ పోతుంది, దాని వెనక వందల జీపులు. దొరికినచోట గంటో రెండు గంటలో దింపి, చీకటి పడకముందే కిందికి తెస్తారు. రాత్రి మళ్లీ మనాలిలోనే, మంచు లేని వీధిలోని హోటల్లో పడుకుంటారు. గుల్మార్గ్‌లో సీజను సరిగ్గా ఉన్నప్పుడు హోటల్ తలుపు తీస్తే కాలు పడేది మంచులోనే. పొద్దున, మధ్యాహ్నం, వెన్నెల్లో, మంచు కురుస్తున్నప్పుడు, కురిసి ఆగాక, అన్ని వేళలా దాని మధ్యే ఉంటాం. ఈ రెండు అనుభవాలకూ ఒకే పేరు పెట్టి, పైగా ధర పోల్చడమేమిటి?

సీజను సరిగ్గా ఉన్నప్పుడు అన్నాను. ఆ షరతు పెద్దదే. 2024 జనవరిలో గుల్మార్గ్ ఎండిపోయింది. నెలాఖరు దాకా వాలులన్నీ గోధుమరంగు గడ్డితో కనిపించాయి, పోయినవాళ్లు గుర్రాలెక్కి తిరిగొచ్చారు. 2025 ఫిబ్రవరిలో అక్కడ జరగాల్సిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడల మలిదశను మంచు చాలక మార్చికి వాయిదా వేశారు. గుల్మార్గ్ పేరే మంచుకు పూచీ అని నేననను. ఎత్తు సగం పని చేస్తుంది, మిగతా సగం నెల చేయాలి. మనవాళ్లు ఎన్నడూ అడగని ప్రశ్న అదే.

2. సంక్రాంతి పంతం

కుంటాల జలపాతం మన జిల్లాల గొప్ప. 45 మీటర్ల ఎత్తు నుంచి కడెం వాగు దూకుతుంది. దాన్ని చూడటానికి ఏప్రిల్‌లో ఎవరైనా పోతారా? బండ తప్ప ఏం కనిపించదని నేరడిగొండ పిల్లవాడికీ తెలుసు. ఈ తెలివి మన వాగు దగ్గర ఉంటుంది, హిమాలయాల దగ్గరికి పోయేసరికి బడి క్యాలెండరుకు తాకట్టు పడుతుంది. సంక్రాంతికి సెలవులొస్తాయి కాబట్టి మంచు కూడా సంక్రాంతికే రావాలట.

కశ్మీరీలు డిసెంబరు 21 నుంచి మొదలయ్యే 40 రోజుల కడు చలికాలాన్ని చిల్లయ్ కలాన్ అంటారు. ఎముకలు కొరికే చలి ఆ నలభై రోజులదే. కానీ చలి వేరు, మంచు మందం వేరు. ఒక మబ్బు వచ్చి పోతే అడుగు పడుతుంది, ఇంకోటి వస్తే దాని మీద ఇంకో అడుగు. ఇట్లా పొర మీద పొర పడి, కింది రాళ్లూ గడ్డీ పూర్తిగా మునిగి, స్కీ పట్టీలు జారడానికి వీలుగా గట్టిపడాలంటే మామూలు ఏడాదిలో జనవరి చివరికి వస్తాం. అందుకే స్కీయింగ్ తెలిసినవాళ్లు ఎక్కువగా ఫిబ్రవరిని ఎంచుకుంటారు. మన సంక్రాంతి జనవరి నడుమ పడుతుంది. అప్పుడు మంచు ఉండొచ్చు, ఉండకపోనూవచ్చు. ఇంటిల్లిపాదినీ వేల మైళ్లు తిప్పి పందెం కాసే తేదీ కాదది.

ఇంకో లెక్కుంది. సంక్రాంతి సెలవులు వారం రోజులనుకోండి. మంచిర్యాల నుంచి ఢిల్లీకి దాదాపు ఒక పగలూ రాత్రీ. ఢిల్లీలో సాయంత్రం బస్సు దాకా పడిగాపులు. అక్కడి నుంచి మనాలికి 500 కిలోమీటర్లకు పైగా, అందులో సగం కొండదారి, పన్నెండు పదమూడు గంటలు. పోవడానికి రెండు రోజులు, రావడానికి రెండు. పొగమంచుకు ఉత్తరాది రైళ్లు ఆలస్యం కావడం జనవరిలో వార్త కూడా కాదు, దానికి ఇంకో పూట రాసుకోండి. మిగిలేది రెండు రోజులు, మూడో రోజు మిగిలితే అదృష్టం. అందులో ఒక రోజు హిడింబ గుడికీ మాల్ రోడ్డుకూ పోతుంది. మంచు కోసం బయల్దేరిన కుటుంబానికి మంచు మీద దక్కేది మొత్తం కలిపి ఒక పూట.

3. "సగం పైసలల్ల అయిపోతది"

ఇక చవక సంగతి. ప్యాకేజీ ధర చూసి చవక అంటున్నారు. ఆ ధరలో ఏముందో, ఏం లేదో చూడరు. సొలంగ్ దారిలో దుకాణం ముందు బండి ఆగుతుంది, మంచు బట్టలు, గంబూట్లు అద్దెకు తీసుకోవాలి. మంచు పడితే టూరు బండి పైకి పోదు, నాలుగు చక్రాలకూ బలముండే లోకల్ జీపు మాట్లాడుకోవాలి. స్కీయింగ్‌కు వేరే, రోప్‌వేకు వేరే, యాక్ మీద ఫొటోకు వేరే. నలుగురున్న ఇంట్లో ఈ చిల్లర ఖర్చులన్నీ కలిపితే ఆ చవక ధర ఎంత ఉబ్బుతుందో పోయొచ్చిన బావమరిదిని విడిగా అడగండి, నలుగురిలో చెప్పడు.

గుల్మార్గ్‌లో ఇవి లేవా అంటే ఉన్నాయి. మంచు ఎక్కువైతే టంగ్‌మర్గ్‌లో బండి మారాలి, చక్రాలకు గొలుసులు కట్టిన జీపు ఎక్కాలి. బూట్లు అద్దెకు తీసుకోవాలి, స్లెడ్జి లాగేవాళ్లు వెంటపడతారు. కొండ మీదికి పోయే కేబుల్ కారును అక్కడ గండోలా అంటారు, దాని టికెట్ ముందే ఆన్‌లైన్‌లో కొనకపోతే సీజనులో దొరకదు. మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచేయదు, ఇంట్లో ఒక్కరికైనా పోస్ట్‌పెయిడ్ ఉండాలి. గదులు నిజంగానే ఖరీదు. అంత పెట్టలేనివాళ్లు 13 కిలోమీటర్ల కిందున్న టంగ్‌మర్గ్‌లో దిగి రోజూ పైకి పోయి రావచ్చు, కానీ అప్పుడు మనాలి మీద నేనన్న మాట సగం వీళ్లకూ వర్తిస్తుంది.

అయినా లెక్క ఎట్లా వేయాలన్నదే గొడవ. మొత్తం ఖర్చును మొత్తం రోజులతో భాగించి రోజుకింత అంటారు ఏజెంట్లు. రైల్లో, బస్సులో, ఢిల్లీ లాడ్జిలో గడిచిన రోజులు కూడా ఆ లెక్కలో సెలవు రోజులే. మీరు పోయింది మంచు కోసమైతే ఖర్చును మంచు మీద గడిపిన గంటలతో భాగించండి. శంషాబాద్‌లో విమానమెక్కితే ఢిల్లీలో మారినా అదే రోజు శ్రీనగర్‌లో దిగొచ్చు. అక్కడి నుంచి గుల్మార్గ్ 50 కిలోమీటర్లే. వారంలో నాలుగు రాత్రులు మంచులో గడుస్తాయి. విమానం టికెట్ల భారం కలుపుకున్నా ఆ భాగహారంలో ఏది చవకో మీరే చూడండి. విమానం వద్దనేవాళ్లకు కూడా ఇప్పుడు దారుంది. మన కాజీపేట–బల్లార్షా లైను మీదుగా చెన్నై నుంచి కట్రా పోయే అండమాన్ ఎక్స్‌ప్రెస్ వైష్ణోదేవి భక్తులకు తెలిసిన బండే. 2025 జూన్‌లో చీనాబ్ వంతెన తెరిచాక కట్రా నుంచి శ్రీనగర్‌కు వందే భారత్ నడుస్తోంది, మూడు గంటల ప్రయాణం. సెలవు ఎక్కువ ఉండి ఓపిక ఉన్నవాళ్లకు ఇది మనాలి కొండదారి బస్సు కన్నా హాయి.

4. "స్కీయింగ్ సొలంగ్‌ల కూడ ఉన్నది గదా"

ఉంది. అయితే మనవాళ్లకు అక్కడ అమ్ముతున్నది స్కీయింగ్ పేరున్న ఇంకేదో. కాళ్లకు పట్టీలు కట్టి, చేతికి కర్రలిచ్చి, ఒక మనిషి ముందు నుంచో వెనక నుంచో పట్టుకుని చిన్న వాలు మీద నాలుగుసార్లు జార్చి, ఫొటో తీయించి, పట్టీలు విప్పేస్తారు. పావుగంట. అది తప్పనను, పిల్లలు నవ్వుతారు, చాలు. కానీ దాన్ని చూపించి గుల్మార్గ్‌తో సమానం అనకండి.

గుల్మార్గ్‌లో కొత్తవాళ్లకు పచ్చికబయలు మీదే మెల్లని వాలులున్నాయి, పైకి లాక్కుపోయే లిఫ్టులున్నాయి. లిఫ్టు విలువ ఏమిటో ఒకసారి పట్టీలు భుజాన వేసుకుని వాలు ఎక్కినవాడికి తెలుస్తుంది. నేర్చుకునే టైమంతా ఎక్కడానికే పోతే జారేదెప్పుడు? అక్కడి గండోలా మొదటి దశ 1998లో కొంగ్‌డూరి దాకా వచ్చింది, 2005లో రెండో దశ అఫర్వాట్ కొండ మీదికి, దాదాపు 3,950 మీటర్లకు చేరింది. ఆ పై వాలులు ఆరితేరినవాళ్లవి, మన జోలికి రావు.

మనాలికి ఇక్కడ న్యాయం చేయాలి. 1961లో పెట్టిన పర్వతారోహణ సంస్థ అక్కడుంది, ఇప్పుడు అటల్ బిహారీ వాజ్‌పేయి పేరుతో నడుస్తోంది. చలికాలంలో రెండు వారాల స్కీ కోర్సులు నడుపుతుంది. 2018లో టర్కీలో కంచు గెలిచి, స్కీయింగ్‌లో దేశానికి తొలి అంతర్జాతీయ పతకం తెచ్చిన ఆంచల్ ఠాకూర్ మనాలి పక్క ఊరి అమ్మాయి. 2022 బీజింగ్ శీతాకాల ఒలింపిక్స్‌కు భారత్ నుంచి పోయిన ఒకే ఒక్క క్రీడాకారుడు ఆరిఫ్ ఖాన్‌ది గుల్మార్గ్ ప్రాంతం. రెండు కొండలూ ఆటగాళ్లను కన్నాయి. కాబట్టి చదువు అయిపోయి ఉద్యోగం రాకముందు రెండు వారాలు చేతిలో ఉన్న కుర్రాడికి నేను మనాలి సంస్థకే దరఖాస్తు పెట్టుకోమంటాను. విచిత్రమేమిటంటే "మనాలే చాలు" అనేవాళ్లలో ఆ పని కోసం పోయినవాడు నాకు ఒక్కడూ తగల్లేదు. మనాలిలో నిజంగా గొప్పదైన దాన్ని వదిలేసి, అక్కడి పావుగంట సరదాను పట్టుకుని వాదిస్తున్నారు.

5. "కశ్మీర్ భయం, మనాలి భద్రం"

మొదటి సగం మీద నాకు తగాదా లేదు. పహల్గాం తర్వాత కశ్మీర్‌లో పర్యాటక స్థలాలు చాలావాటిని కొన్నాళ్లు మూసేశారు. పోయేముందు పరిస్థితి కనుక్కోవాలి, బాగాలేదంటే టికెట్లు పోయినా ఆగాలి. గుల్మార్గ్‌లో వేరే ప్రమాదాలూ ఉన్నాయి. 2017 జూన్‌లో గాలికి చెట్టు విరిగి గండోలా తీగ మీద పడి ఏడుగురు చనిపోయారు. అఫర్వాట్ వాలుల మీద 2023లో, 2024లో మంచు చరియలు విరిగిపడి విదేశీ స్కీయర్లు బలయ్యారు.

రెండో సగం ఎక్కడి నుంచి వచ్చింది? కశ్మీర్‌లో తుపాకీ భయం ఉంటే మనాలి దారి దానంతటది భద్రమైపోతుందా? 2014 జూన్ 8న హైదరాబాద్ ఇంజనీరింగ్ కాలేజీ విద్యార్థులు 24 మంది, వాళ్ల టూరు నిర్వాహకుడు ఎక్కడ కొట్టుకుపోయారు? మనాలి పోయే దారిలోనే, మండీ జిల్లాలో, ఫొటోల కోసం బియాస్ నదిలో దిగినప్పుడు. పైనున్న లార్జీ జలవిద్యుత్ కేంద్రం నీళ్లు వదిలింది. రెండు తెలుగు రాష్ట్రాలూ వారాల తరబడి శవాల కోసం ఎదురుచూశాయి. అది చలికాలం కాదు, నిజమే. నేనడిగేది వేరు. ఆ దారిలో అంతమంది మన పిల్లలు పోయిన తర్వాత కూడా "మనాలి భద్రం" అనే మాట మన నోట ఎట్లా నిలిచింది? 2023 జూలైలో, మళ్లీ 2025 ఆగస్టులో అదే బియాస్ పొంగి కులు–మనాలి రోడ్డును ముక్కలు చేసింది. చలికాలం సంగతే కావాలంటే 2024 డిసెంబరు చివరి వారం చూడండి. సొలంగ్‌కూ అటల్ టన్నెల్‌కూ మధ్య మంచు పడి వెయ్యికి చేరువగా బండ్లు ఇరుక్కుపోయాయి, పోలీసులు రాత్రంతా జనాన్ని కిందికి దించారు. ఆ బండ్లలో ఎక్కువ స్నో పాయింట్ వెతుక్కుంటూ పైకి పోయినవే.

తుపాకీ ప్రమాదం టీవీలో నెలల తరబడి కనిపిస్తుంది, రోడ్డు ప్రమాదం ఒక్క రోజు కనిపించి పోతుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచిన తర్వాత మనాలి వైపు మొగ్గితే నాకు అభ్యంతరం లేదు. తూచకుండానే తీర్పు చెప్తున్నారు.

6. "ఆదిలాబాద్ చలికే ఆగినోళ్లం"

ఇది వాదన కూడా కాదు, బడాయి. తిర్యాణి మండలం గిన్నెధరిలోనో సిర్పూరులోనో ఐదారు డిగ్రీలు పడిన పొద్దున మనం చలిమంట వేసుకుంటాం, తొమ్మిదింటికల్లా ఎండ వస్తుంది. గుల్మార్గ్‌లో పగలు కూడా సున్నా దాటని రోజులుంటాయి, రాత్రి మైనస్ పదికి పోతుంది. బీపీ, ఆయాసం ఉన్న పెద్దవాళ్లను గండోలా మొదటి దశ దగ్గరే ఆపండి. రెండో దశ చేరే దాదాపు నాలుగు వేల మీటర్ల దగ్గర గాలి పల్చన, మన ఊరి చలి అక్కడ సాయానికి రాదు.

ఇన్ని చెప్పాక నా మాట ఇది. చేతిలో సంక్రాంతి వారమే ఉంటే మంచు పేరు మీద ఎక్కడికీ పోకండి, మనాలికీ వద్దు, గుల్మార్గ్‌కూ వద్దు. జన్నారం అడవి, ఉట్నూరు, కెరమెరి ఘాట్ ఆ వారానికి సరిపోతాయి, పుష్య అమావాస్య దగ్గర పడితే కేస్లాపూర్‌లో నాగోబా జాతరా ఉంది. మంచే కావాలంటే ఫిబ్రవరిలో పోండి, గుల్మార్గ్ పోండి, రోజూ కిందికి దిగకుండా పైనే నాలుగు రాత్రులుండండి. బడి పోతుందంటారు. ఏడో తరగతి పిల్ల ఫిబ్రవరిలో ఐదు రోజులు బడి మానితే ఆకాశం విరిగి పడదు. పదో తరగతి, ఇంటర్ పిల్లలుంటే ఆ ఏడు ఆగండి, కొండలు ఎక్కడికీ పోవు. అంత డబ్బు లేదంటే ఇంకో ఏడాది కూడబెట్టండి. ఏటేటా చవక టూరుకు ఒక పూట మంచు కొనుక్కోవడం కన్నా అది నయం.

మళ్లీ ఏజెంటు దగ్గరికి పోయినప్పుడు ధర అడక్కముందు మూడు సంగతులు రాసిమ్మనండి. ఏ రాత్రి ఏ ఊళ్లో పడుకుంటాం, ఆ ఊరు ఎన్ని మీటర్ల ఎత్తున ఉంది, నిరుడు అదే వారంలో అక్కడ నేల మీద మంచు ఉందా లేదా. "స్నో పాయింట్" అని రాసిస్తే అడ్వాన్సు ఇవ్వకండి.